మూడో రౌండు చీటీ

మైకులో తన పేరు వెంట చదివిన అంకెలు విని వెంకటరామి కుర్చీలోంచి సగం లేచి, మళ్లీ కూలబడ్డాడు.

"మూడో జడ్జి వెంకటరామి గారి లెక్కలో హనుమప్పకు ఇరవై తొమ్మిది, మాణిక్యానికి ఇరవై అయిదు!"

బళ్లారి మైదానం ఈలలతో అదిరిపోయింది. కానీ వెంకటరామి ఇరవై తొమ్మిది రాసింది మద్రాసు నుంచి వచ్చిన మాణిక్యానికి. రౌండు గెలిచినవాడికి అయిదు, ఓడినవాడికి నాలుగు. ఆరు రౌండ్లలో అయిదు మాణిక్యానివేనని గుడ్డివాడైనా చెబుతాడు. పటాలంలో పదేళ్లు బాక్సింగు ఆడి వచ్చి డ్రిల్లు మాస్టరైన మనిషి వెంకటరామి. ఆయన రాసినదాన్ని తారుమారు చేసే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ లేదు.

నేరుగా సీతారామారావు దగ్గరికి నడిచాడు. సండూరు గనుల్లో లారీలు తిప్పే ఆ పెద్దమనిషే టిక్కెట్లు పెట్టి ఈ పోటీలు ఆడిస్తున్నాడు.

"నా చీటీ చూపీండి."

"అవన్నీ కలిసిపోయాయి మాస్టారూ. అయినా గెలిచింది మీ ఊరు సిరిగేరి వాడే కదండీ! జనమంతా సంబరపడుతుంటే మీకెందుకండీ బాధ?"

"మావోడైతే ఏంది? నేను రాయని అంకెలు నా పేరు మీద చదివినారు. అంతకంటే నా చెయ్యి నరికింటే బాగుండు."

బయట మెట్ల మీద మాణిక్యం వాచిన కంటికి తడిగుడ్డ అద్దుకుంటున్నాడు. వెంకటరామిని ఒక్కసారి చూసి మొహం తిప్పుకున్నాడు.

మూడు నెలలకు సండూరులో మళ్లీ పోటీ పెట్టారు. ఈలోగా మొదటి పోటీ మీద గుసగుసలు ఊరూరా పాకాయి. అందుకే వెంకటరామి పెట్టిన షరతుకు సీతారామారావు కిక్కురుమనకుండా ఒప్పుకున్నాడు. ముగ్గురు జడ్జీలు మూడు వైపులా విడివిడిగా కూర్చోవాలి. రౌండు ముగియగానే రెఫరీ చీటీలు తీసుకుని, అందరికీ వినబడేలా చదివి, నల్లబల్ల మీద రాయాలి.

ఈసారి హనుమప్ప మీదికి ఆదోని నుంచి హుసేనప్ప వచ్చాడు. మొదటి రెండు రౌండ్లలో ముగ్గురి చీటీలూ ఒకటే. మూడో రౌండులో హనుమప్ప పిడికిళ్లు సుడిగాలిలా తిరిగాయి. సిరిగేరి జనం బెంచీలెక్కి అరిచారు. గంట మోగగానే వెంకటరామి తడుముకోకుండా హనుమప్పకు అయిదు వేశాడు.

రెఫరీ చదివాడు. "మొదటి జడ్జి, హుసేనప్ప. రెండో జడ్జి, హుసేనప్ప. మూడో జడ్జి, హనుమప్ప."

వాళ్లిద్దరినీ కొనేశారనుకున్నాడు వెంకటరామి. కానీ సీతారామారావు పెట్టిన పోటీలో ఆదోని వాడి కోసం ఎవరు కొంటారు? ఆఖరికి ముగ్గురి లెక్కలోనూ హుసేనప్పే గెలిచాడు.

ఆట అయ్యాక హనుమప్ప వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మామా, కోపం చేసుకోవద్దు. ఆ మూడో రౌండు నాది కాదు. నేను కొట్టినవన్నీ వాని గ్లౌజుల మీదనే పడినాయి. నీకు కనపల్లేదా?"

వెంకటరామికి కనబడింది చిన్నప్పటి నుంచీ ఎరిగిన ఆ భుజాలు, ఆ ఊపు. దెబ్బ ఎక్కడ పడుతోందో చూడనే లేదు. గెలుపెవరిదో గుడ్డివాడికైనా తెలిసే మద్రాసు వాడి ఆటలో తన నిజాయితీకి పరీక్షే రాలేదని ఇప్పుడు తెలిసి నిలువునా నీరయ్యాడు.

లేచి సీతారామారావు దగ్గరికి పోయాడు.

"హనుమప్ప ఆడే పోటీకి నన్ను ఇంక కూచోబెట్టొద్దండి. ఆడేవాని ఊరోడు ఎవడూ జడ్జిగా ఉండకూడదు."

సీతారామారావు నవ్వాడు. "మిమ్మల్ని కూడా ఎవరైనా కొన్నారా ఏమిటి మాస్టారూ?"

"ఎవురూ కొనలేదు. దానికే నాకు దిగులుగా ఉండాది."

తర్వాతి పోటీకి ఆ కుర్చీలో హొసపేట మనిషి కూర్చున్నాడు. వెంకటరామి టిక్కెట్టు కొనుక్కుని జనంలో కూర్చుని, ఆరు రౌండ్లూ గ్లౌజులే చూశాడు. ఆ రోజు హనుమప్ప గెలిచాడు. నల్లబల్ల మీది అంకెలను ఒక్కరూ తప్పుపట్టలేదు.