మేనత్తను ఆపని లెన్స్

పెద్దపల్లిలో చర్చి పెళ్లంటే ఫొటోలకు స్టీఫెనే రావాలి. ముప్పై ఏళ్లుగా అదే పని. వానాకాలంలో పాత లెన్స్‌కు ఫంగస్ పట్టి పాడైపోతే, కొత్తది కొనడానికి కూతురు ఏంజెల్‌ను వెంటబెట్టుకుని కరీంనగర్ వెళ్లాడు. డిగ్రీ అయ్యాక ఏంజెల్ కూడా తండ్రితోపాటు పెళ్లిళ్లకు తిరుగుతోంది.

దుకాణం సుధాకర్ రెండు లెన్సులు బల్ల మీద పెట్టాడు. చూడటానికి కవలల్లా ఉన్నాయి.

"గిది మామూలుదన్నా. గిండ్లనేమో స్టెబిలైజేషన్ ఉంటది. చెయ్యి వణికినా ఫొటో వణకది. పదకొండు వేలు ఎక్కువ."

స్టీఫెన్ మూతి ముడిచాడు. "ఎవని చెయ్యి వణుకుతది?"

"అందరిది వణుకుతదే. నాది సుత."

"నీది వణుకుతది గావచ్చు. సూడు నాది!" అని చెయ్యి చాపాడు. సరిగ్గా అప్పుడే చూపుడువేలు కొస సన్నగా కదిలింది. అది ఏంజెల్ కంట పడింది. తన కంట పడినట్టు తండ్రికి తెలిసిపోయిందని కూడా ఆమెకు అర్థమైంది.

"పొద్దుగాల్నించి నాలుగు చాయ్‌లు తాగిండు" అని తనే సర్దిచెప్పింది.

సుధాకర్ నవ్వాడు. "రేపు లగ్గం ఉన్నదంటివి గదా. రెండూ తీస్కపో. తీసి సూసి, వద్దన్నది వాపస్ ఇయ్యి."

మర్నాడు జేమ్స్, రెబెకాల పెళ్లి. బయట మబ్బు, చర్చి లోపల కరెంటు లేదు. ఆరాధన జరుగుతుంటే ఫ్లాష్ కొట్టకూడదని పాస్టరుగారి కట్టడి. స్టీఫెన్ ఖరీదైన లెన్స్ కూతురి చేతిలో పెట్టాడు.

"చిన్నదానివి, నీకే అక్కరొస్తది" అన్నాడు.

ఆయనకు తన పద్ధతి ఉంది. మోచేతులు డొక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి, బటన్ నొక్కడం.

ఉంగరం తొడిగే ఘడియ వచ్చింది. ఆ ఫొటో ఎప్పుడూ స్టీఫెన్‌దే; ఏంజెల్ చుట్టాలను తీస్తోంది. స్టీఫెన్ ఊపిరి బిగబట్టాడు. జేమ్స్ ఉంగరం తోశాడు. అది రెబెకా వేలి కణుపు దగ్గర ఆగిపోయింది. వారం రోజులుగా చుట్టాలు తినిపించిన లడ్డూల మహిమ. జేమ్స్ తిప్పాడు, నెట్టాడు. "జర నూనె తేండ్రి" అన్నారెవరో. "మెల్లగ, మెల్లగ" అన్నారు పాస్టరుగారు.

ఊపిరి వదిలేద్దామా అనుకున్నాడు స్టీఫెన్. వదిలిన క్షణంలోనే ఉంగరం దిగిపోతే? ముప్పై ఏళ్లలో ఒక్క ఉంగరం ఫొటో కూడా తప్పిపోలేదు. వదల్లేదు. చెవుల్లో గుంయ్‌మంది. నెత్తిన ఫ్యాన్ తిరుగుతున్నట్టు కనిపించింది. కరెంటు లేదన్న సంగతి ఆయనకు గుర్తుంది కూడా. ఉంగరం దిగింది. స్టీఫెన్ బటన్ నొక్కి, కెమెరాను గుండెకు హత్తుకుని, నిలువునా కూలిపోయాడు.

"ఆత్మ దిగింది!" అని వెనక బెంచీలోంచి ఒక ముసలమ్మ కేక పెట్టింది. పాస్టరుగారు వచ్చి నుదుటి మీద చెయ్యి ఉంచి ప్రార్థన అందుకున్నారు. పెళ్లికూతురి మేనత్త మగ్దలేనమ్మ నీళ్ల సీసాతో పరుగెత్తుకొచ్చింది. ఏంజెల్ కెమెరా దించేసి తండ్రివైపే చూస్తూ నిలబడింది. అంతలో స్టీఫెన్ ఒక కన్ను తెరిచాడు.

"నన్ను సూస్తవేంది బిడ్డా! ఫొటో తియ్యి!"

తీసింది.

సాయంత్రం స్టూడియోలో ఇద్దరూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. స్టీఫెన్ తీసిన ఫొటోలో ఒక్క ఉంగరం రెండై, పది వేళ్లు ఇరవై అయ్యాయి. మళ్లీ తొడిగించి తీద్దామంటే ఆ ఉంగరం ఇక ఆ వేలిని వదిలేలా లేదు. ఏంజెల్ తను తీసిన ఫొటో తెరిచింది. అదే చీకట్లో పాస్టరుగారి కనురెప్పలు, తండ్రి చొక్కా గుండీలు స్పష్టంగా ఉన్నాయి. మగ్దలేనమ్మ మాత్రం పచ్చటి చీర గీతలా సాగిపోయింది.

స్టీఫెన్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "సూసినవా! పదకొండు వేలు ఎక్కువ పెట్టినా గామె ఆగలే!"

"అది మన చెయ్యిని ఆపుతది బాపు, మేనత్తను ఆపది. ఉరికేటోళ్లకు షటర్ స్పీడ్ పెంచాలె. గని చర్చిల సగంసేపు అందరు కదలకుంట నిలవడే ఉంటరు గదా."

స్టీఫెన్ తన ఫొటోను, కూతురి ఫొటోను పక్కపక్కన పెట్టించి చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "గా లెన్స్‌తోని ఊపిరి తీస్కుంట ఫొటో తియ్యొచ్చా?"

"పాట పాడుకుంట సుత తియ్యొచ్చు."

మర్నాడు కరీంనగర్ వెళ్లి మామూలు లెన్స్ సుధాకర్ ముందు పెట్టాడు. "అందరి చేతులు వణుకుతయంటివి గదా," అన్నాడు చూపు తిప్పుకుని, "గా అందర్ల నన్ను సుత కలుపుకో."

వారం తర్వాత కొత్త దంపతులు ఆల్బమ్‌కు ఫొటోలు ఏరడానికి వచ్చారు. రెబెకా అన్నీ చూసి, స్టీఫెన్ వెల్లకిలా పడి ఉన్న ఫొటో మీద వేలు పెట్టింది. మొదటి పేజీలో నిండుగా వేయమంది.

"మీ లగ్గం ఆల్బంల నేనెందుకమ్మా?" స్టీఫెన్ పరేషాన్ అయ్యాడు.

"ఉంగరం ఫొటో అందరి ఆల్బంల ఉంటది అంకుల్. గిసొంటిది ఎవ్వలకున్నది?"

జేమ్స్ కూడా తలూపాడు. ఇక తప్పదని స్టీఫెన్‌కు తెలిసిపోయింది. వాళ్లు మెట్లు దిగేదాకా ఆగి, కంప్యూటర్ ముందున్న కూతురి పక్కకు కుర్చీ జరుపుకున్నాడు.

"జర పొట్ట తక్కువ చెయ్యి బిడ్డా."