మూడు తెల్లచుక్కలు

పెసరగింజంత లోహపు పొరను పట్టకారుతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఆమె ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలోకి ఎక్కించింది. అలవాటుగా పెద్ద కటకాన్ని ఆపేసింది. ఆ కటకమూ అయస్కాంతమే. అది నడుస్తుంటే పొరలోని చిన్న అయస్కాంతాల అమరిక కాస్తా తుడిచిపెట్టుకుపోతుంది. ఈ ముక్క ముప్పై ఏళ్లుగా చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పి పుట్టింది. విన్నవాళ్లు శాస్త్రవేత్తలయ్యారు, ఆమె ఆపరేటరుగానే మిగిలింది. అందరికీ ఫోకస్ పిన్ని. ఆమె తీసిన బొమ్మలతో అచ్చయిన వ్యాసాలు బీరువా నిండా ఉన్నాయి, రచయితల్లో ఆమె పేరు భూతద్దం పెట్టి వెతికినా దొరకదు.

పొట్టి మనిషి. మెడ ముందుకు వంగిపోయింది. యంత్రం గుండీలు తిప్పీ తిప్పీ కుడి బొటనవేలు నున్నబడింది. "కంటికి కనపడనివన్నీ చూస్తావు, ఎదురుగా ఉన్న నేనే కనపడను" అని మొగుడు దెప్పుతుంటాడు.

తెరపై నలభై గుండ్రటి బిళ్లలు తేలాయి. ఒక్కోదాని నడుమ ఒక తెల్లచుక్క. నలభైలోనూ అయస్కాంతత్వం ఒకేవైపు సుడి తిరుగుతోందని ప్రయోగశాల పెద్దసారు వ్యాసంలో ముందే రాసిపెట్టుకున్నాడు. ఆమె వెనకే నిలబడి మురిసిపోయాడు.

"చాలు పిన్నిగారూ, బొమ్మ తీసెయ్యండి."

"ఉండండి సార్, అటువైపు కూడా చూద్దాం."

ఫోకస్‌ను రెండోవైపుకి తిప్పింది. నిజమైన సుడి అయితే తెలుపు నలుపవ్వాలి. ముప్పై ఏడు నల్లబడ్డాయి. మూడు తెల్లగానే ఉండిపోయాయి. రెండువైపులవీ రెండు బొమ్మలు తీసింది.

"ఈ మూడూ సుడులు కావండీ. మురికి."

"రెండో బొమ్మ ఎవరడిగారు? చెరిపేసి, మొదటిదాని కింద సంతకం పెట్టండి."

"పెట్టను."

"ఇవాళ్టితో రిటైరవుతున్నారు. పోయేరోజు గొడవెందుకు?"

"ఐదింటిదాకా ఈ కుర్చీ నాదే కదండీ."

ఆమె కుర్చీని బల్లకి దగ్గరగా లాక్కుంది. ఉద్యోగంలో చేరిన ఏడాది ఒకసారి పెద్ద కటకం ఆపడం మరిచిపోయింది. సుడులన్నీ చెరిగిపోయాక, భయపడి, 'ఇందులో ఏమీ లేదు' అని సంతకం పెట్టేసింది. ఆ పొరను రెండేళ్లు కష్టపడి తయారుచేసినతను చదువు మానేసి వెళ్లిపోయాడు. అతని ముఖం ఆమెకు ఇప్పటికీ గుర్తే. ఆ సిగ్గు ఒక్కటి చాలు, రెండోది మోయనుగాక మోయను అనుకుంది.

"రేపు ఇంకొకరి చేత పెట్టించుకుంటాను" అని పెద్దసారు విసురుగా వెళ్లిపోయాడు. ఆపరేటరు సంతకం లేని బొమ్మ గడప దాటదు.

ఐదింటికి ఆమె యంత్రానికి ముసుగు కప్పి, సంచీ తగిలించుకుని, వెనకమెట్ల మీదుగా దిగిపోయింది. వీడ్కోలు టీకి అందరూ కింద గదిలో ఎదురుచూస్తూనే ఉన్నారు.

మర్నాడు పొద్దున పెద్దసారు గది తలుపు ముందు జనం మూగారు. రెండు బొమ్మలూ పక్కపక్కన అంటించి ఉన్నాయి, మూడు చుక్కల చుట్టూ ఎర్రసిరా సున్నాలు, కింద ఆమె సంతకం. పోతూపోతూ ఆమె పొరల్ని ఒకదానికొకటి అతికించే మొండి జిగురు వాడింది మరి. పెద్దసారు తనే బ్లేడు పట్టుకుని గీకాడు. బొమ్మలు పీలికలై ఊడాయి, తలుపు రంగు లేచిపోయింది. ఎవరూ ఎన్నడూ పిలవని ఆమె పూర్తిపేరు రాసి ఉన్న కాగితపు మూల మాత్రం తలుపును కరచుకునే ఉంది.