లేదని చెప్పమన్న మనిషి

దగ్గరికి జరగండి అమ్మలూ, ఆ టీవీ కాస్త తగ్గించండి. మన రాజోలు వైపు బేబీ సంగతి ఇది.

షార్జా అల్ నహ్దాలో, ఎనిమిదో అంతస్తులో తను పనిచేసే ఇంటి వంటింట్లో, బేబీ చపాతీలు ఒత్తుతోంది. తొమ్మిదేళ్ళుగా పూటకు పద్దెనిమిది. పొట్టి మనిషి, గట్టు అందక చెక్కపీట ఎక్కి నిలబడుతుంది. నూనె చిట్లి ముంజేతుల నిండా బియ్యపు గింజలంత మచ్చలు. గోడకు ఆనించిన ఫోన్లో తల్లి మాట్లాడుతోంది.

"నిన్న ఓట్ల కాయితాలట్టుకుని టీచరమ్మొచ్చిందే. బేబీ ఉందా అనడిగింది. అలాంటి మనిషి ఇక్కడెవరూ లేరండీ అన్నాను. రాసుకుని పోయింది."

అప్పడాల కర్ర ఆగిపోయింది.

"అలాగెందుకన్నావే అమ్మా?"

"బాగుంది వరస! నువ్వే కదే అలా చెప్పమన్నావు?"

నిజమే. విజిట్ వీసా మీద చాటుగా వచ్చిన ఏడు, ఆఫీసువాళ్ళెవరు అడిగినా లేదని చెప్పించమన్నాడు ఏజెంటు. బేబీ తల్లికి నేర్పింది. ముసలిది దాన్ని ఆదివారం వాక్యంలా కంఠతా పట్టింది. తర్వాత వీసా సక్రమమై ఏళ్ళు గడిచినా, ఆ మాట వెనక్కి తీసుకోవాలని ఇద్దరికీ తోచలేదు.

పక్క ఫ్లాట్లో పనిచేసే కడప అమీనాబీ బాల్కనీలో బట్టలారేస్తూ అంతా విన్నది. "ఓట్ల జాబితాలో పేరు లేకుంటే మన దేశమోళ్ళే కాదంటారంటక్కా. రాజ్యాంగమే మారుస్తారంట," అంది. ఎవరన్నారో ఆమెకూ తెలియదు.

బేబీ చేతుల పిండి దులుపుకుంది. ఇది తన దేశం కాదు. అదీ కాదంటే, విమానం తననెక్కడ దించుతుంది?

తల్లి దగ్గర నంబరు తీసుకుని టీచరమ్మకు ఫోన్ చేసింది.

"పదిరోజుల్లో కాయితాలతో మనిషే కనబడాలమ్మా. కన్నతల్లే లేదంటే నేను ఉందని ఎలా రాసేది?"

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఇంటి మేడమ్ ముందు నిలబడింది.

"మీ దగ్గరున్న నా పాస్‌పోర్ట్ కావాలి మేడమ్. ఊరెళ్ళాలి."

"వెళ్తే వీసా క్యాన్సిల్. ఖలాస్. ఆలోచించుకో బేబీ."

తన జీతం మీద సాగే చిన్నకూతురి నర్సింగు చదువు ఇంకా ఏడాది ఉంది. అయినా తలూపింది.

ఆరో రోజు పొద్దున టాక్సీ ఎక్కింది. షార్జా ఎయిర్‌పోర్టు వరసలోంచి అమీనాబీకి ఫోన్ చేసి, "ఇక్కడ ఆఫీసరు నా పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పుతున్నాడే. భయమేత్తంది," అంది. లైను తెగిపోయింది. ఆ తర్వాత బేబీ ఊరు చేరిందో లేదో నాకు చెప్పినవాళ్ళు లేరు.

గుర్తుపెట్టుకోండి తల్లులూ, గుమ్మంలోకి ఎవరొచ్చి అడిగినా ఉన్న మనిషిని ఉందనే అనమని మీ పిల్లలకు చెప్పండి. చెప్పేటప్పుడు, ఆ వంటింటి తలుపు పక్కన బేబీ విడిచిన నీలం రబ్బరు చెప్పుల్ని మాత్రం మరవకండి: ఎడమదాని పట్టీకి పిన్నీసు, మడమ అరిగిపోయిన చోట కింది నేల కనిపించే బెజ్జం.