మా వదిన బేలర్ కొన్న రోజు

మా వదిన గడ్డి కోయించేసింది. బేలర్ ఇంకా కొనలేదు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఆవిడ ఎలాంటి మనిషో తెలిసిపోతుంది. మూడెకరాల గడ్డి కోయించి, ఎండలో ఆరబెట్టి, దాన్ని గుండ్రటి చుట్టలుగా కట్టే యంత్రాన్ని వెతుక్కుంటూ బయల్దేరింది. ఆ సాయంత్రానికే వాన అని రేడియో చెబుతోంది.

మా అన్న నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ముందు యంత్రం కొని తర్వాత గడ్డి కోస్తారు గానీ ఇదెక్కడి విడ్డూరం అన్నాడు. "కోయించకపోతే మీ అన్న ఇంకో రెండు నెలలు ఆలోచిస్తూ కూర్చుంటాడయ్యా" అంది వదిన, నా వైపు తిరిగి. అన్న ట్రాక్టరు తాళం తేవడానికి లేచాడు. నిజం కాబట్టి.

నిరుడు ఏం జరిగిందో చెబితే గానీ ఈ తొందర అర్థం కాదు. బేలర్ అద్దెకిచ్చేవాడు ముందు పెద్ద చేలల్లో గడ్డి కట్టాడు, తర్వాత మధ్యరకం చేలల్లో కట్టాడు, మా దగ్గరికి ఆఖర్న వచ్చాడు. వాడికన్నా ముందు వాన వచ్చింది. ఎకరాలున్నవాడి గడ్డి ఎండుతుంది, లేనివాడి గడ్డి నానుతుంది. దీనికి పెద్ద చదువులేం అక్కర్లేదు, చేలో నిలబడితే కనబడుతుంది. గడ్డి బూజు పట్టింది. ఆవులు మూతి తిప్పుకున్నాయి. మేత కొనలేక పదమూడింటిలో రెండింటిని అమ్మేశారు. వాటిని లారీ ఎక్కిస్తున్నంతసేపూ వదిన పాకలోంచి బయటికి రాలేదు. ఈసారీ గడ్డి తడిస్తే ఇంకో నాలుగైదు పోతాయి. అవి పోయాక పాల క్యాన్లు బోర్లించుకోవడమే.

చేతిలో ఉన్నది ఆ రెండు ఆవుల డబ్బు, దానికి తోడు వదిన పాల మీద దాచుకున్నది. కొత్త బేలర్ ధరలో మూడో వంతు రాదు. అందుకని పాత యంత్రాలమ్మే యార్డుకి బయల్దేరాం. నన్నెందుకు రమ్మన్నారంటే, నాకు నోరెక్కువని. బేరం దగ్గర పనికొస్తానని.

ట్రాక్టరు ట్రాలీ నిండా మా ఎండుగడ్డి వేయించింది వదిన. అన్న మళ్లీ అడ్డం పడ్డాడు. ఎండుగడ్డి వెంటేసుకుని వెళ్తే మన అవసరం వాడికి తెలిసిపోదా, ధర పెంచేయడా అని పోరు పెట్టాడు. ఆవిడ వినలేదు. "ఖాళీగా తిప్పితే ఏ యంత్రమైనా బుద్ధిమంతురాలే. నోట్లో ముద్ద పెట్టి చూడాలి" అంది.

యార్డు ఆసామిని అందరూ స్పానర్ బాబాయి అంటారు. చేతిలో స్పానర్ లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు, దానితో ఏదైనా బిగించగా కూడా ఎవరూ చూడలేదు. మా డబ్బులో వచ్చేవి రెండున్నాయని చూపించాడు. ఒకటి ఎర్రగా నిగనిగలాడుతోంది. రెండోది రంగు వెలిసి, ఒక చక్రం ఒక సైజు, ఇంకో చక్రం ఇంకో సైజు, పక్క రేకు సొట్టపడి, మూల నిలబెట్టి ఉంది.

అన్న కళ్లు ఎర్రదాని మీద పడ్డాయి. పెళ్లికూతుర్ని చూసినట్టు చుట్టూ తిరిగాడు. నాకూ అదే నచ్చింది, దాచుకోవడమెందుకు. వదిన వెనక తలుపు ఎత్తించి, యంత్రం కడుపులోకి సగం దూరి చూసింది. బయటికొచ్చి, లోపల గడ్డిని చుట్టే రోలర్లకి కూడా రంగుందేంటి బాబాయ్ అని అడిగింది. ఆయన అందం కోసం అన్నాడు.

"రోజూ మట్టి తవ్వే పార చూశారా, అంచు అద్దంలా ఉంటుంది. గడ్డి రాసుకునే ఇనుము కూడా అంతే, రంగు నిలవదు. దీనికి లోపల రంగుందంటే, చాన్నాళ్లు వానలో పడుంది, తుప్పు మీద పూశారు" అంది వదిన.

స్పానర్ బాబాయి స్పానర్‌తో చెవి గోక్కున్నాడు.

రెండోదాని తలుపెత్తితే లోపల రోలర్లు తళతళమన్నాయి. పైన ముష్టిదానిలా ఉంది గానీ లోపల నిన్నటిదాకా పనిచేసిన ఇనుము. మరి ఇంత తక్కువకెందుకు ఇస్తున్నారని అడిగితే ఆయన దాచలేదు. చుట్ట వంకరగా వస్తోందట. ఇద్దరు కొని, ఇద్దరూ వెనక్కి తెచ్చిచ్చారట.

అన్న వెళ్లిపోదామన్నాడు. వదిన ట్రాలీలో గడ్డి దింపించి, యార్డు ఖాళీ జాగాలో చేలో పరిచినట్టే పొడుగ్గా వరసగా పరిపించింది. బేలర్‌ని మా ట్రాక్టరుకి తగిలించారు. అన్న నడిపాడు. వరస నట్టనడుమన, గీత గీసినట్టు నడిపాడు. చుట్ట బయటికొచ్చింది. నడుం లావు, రెండు చివర్లూ సన్నం. పీపాలా ఉంది. కదిలిస్తే చివర్ల గడ్డి ఊడిపోయింది. చెప్పాను కదా అన్నాడు స్పానర్ బాబాయి.

వదిన ఆ చుట్ట పక్కన కూర్చుని, చివర్లు నొక్కి, నడుం నొక్కి చూసింది. తర్వాత లేచి, అన్నని దిగమని, తను ఎక్కింది.

మాకు బేలర్ అద్దెకిచ్చేవాడు ఉన్నాడే, వాడు తాగి నడుపుతాడని మా దగ్గర అందరూ నవ్వేవాళ్లు. వాడి ట్రాక్టరు చేలో కాసేపు ఎడమకీ కాసేపు కుడికీ పోయేది. నేనూ నవ్వాను. వదిన మాత్రం రెండేళ్లు వాడి వెనకాల నడిచి, టైరు జాడలు చూసి, చుట్టలు చూసింది. తాగినవాడి చుట్టలు అంత గుండ్రంగా ఎలా వస్తాయని ఆలోచించింది. మేమెవరమూ ఆలోచించలేదు. గడ్డి వరస యంత్రం నోటికన్నా సన్నం. నడుమనే పోతే గడ్డంతా నడుమనే చేరుతుంది. పక్కలకి పోతేనే చివర్లు నిండుతాయి.

ఆవిడ అలాగే నడిపింది. కాసేపు వరసని ఎడమ పక్కకి పెట్టుకుని, కాసేపు కుడి పక్కకి. చుట్ట దొర్లుకుంటూ వచ్చింది. రెండు చివర్లూ కోసినట్టు సమానం. నేను కాలితో తంతే నా కాలే నొప్పెట్టింది.

ముందుగా తేరుకున్నది స్పానర్ బాబాయే. ఇందాకటి ధర పాడైన యంత్రానికమ్మా, ఇది పాడవలేదని తేలింది కదా, ఇప్పుడు లెక్క వేరు అన్నాడు. అన్న నా మోచెయ్యి గిల్లాడు, అరవమని. నేను నోరు తెరిచేలోపే వదిన సీటు మీంచి మాట్లాడింది.

"బేలర్ పొద్దున ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది బాబాయ్. మారింది మీకు తెలిసిన సంగతి. అది తెలిసింది నా గడ్డితో, నా ట్రాక్టరుతో, నా చేత్తో. మీకు నేర్పినందుకు నేనే డబ్బివ్వాలా?"

ఆయన స్పానర్‌తో ఆ చుట్టని తట్టి చూశాడు. "ఇరవై ఏళ్లయిందమ్మాయ్ ఇక్కడ కూర్చుని. వంకర యంత్రానిదా, నడిపేవాడిదా అని నేనూ అడగలేదు" అన్నాడు. పాత ధరకే ఇస్తానన్నాడు, తన డ్రైవరుకి ఒక్కసారి చూపించి పొమ్మన్నాడు. పడమట మబ్బు కమ్ముతోంది. అన్న కాళ్లు నిలవడం లేదు. వదిన ఆ డ్రైవర్ని పక్కన ఎక్కించుకుని, మిగిలిన గడ్డితో ఓపిగ్గా ఇంకో చుట్ట కట్టి చూపించింది. తెలిసినదాన్ని తాళం వేసి పెట్టుకునే పెద్దమనుషుల్ని చాలామందిని చూశాను. అంత వాన నెత్తిమీద పెట్టుకుని కూడా అడిగినవాడికి చెప్పి వచ్చిన మనిషిని ఆ రోజే చూశాను.

నేరుగా చేలోకే వెళ్లాం, మా ట్రాలీ లాగడానికి స్పానర్ బాబాయి ఆ పూటకి తన ట్రాక్టరు ఇచ్చాడు. ఆవిడ నడిపింది, అన్నా నేనూ చుట్టలు ట్రాలీకెక్కించి షెడ్డుకి చేరవేశాం. ఇంకా రెండు వరసలు మిగిలుండగా చుట్టకి కట్టే తాడు అయిపోయింది, చినుకు మొదలైంది. ముగ్గురం పంగలకర్రలతో ఆ రెండు వరసలూ ఎత్తి ట్రాలీలో కుక్కాం. ఒక వరస కొంచెం తడిసింది. తడిసిందాన్ని దాచకుండా ఆ పూటకే ఆవుల ముందు వేయించింది వదిన.

పాక రేకుల మీద వాన దడదడలాడుతోంది. పదకొండు ఆవులూ తలలు దించుకుని తింటున్నాయి.