నిద్రపోయే సందర్శకులు

మా ధర్మవరం పట్టుచీరల మ్యూజియానికి నెలకు మూడొందల నలభై మంది వస్తారని కమిటీ అధ్యక్షుడు జయరాం సారు ఎక్కడ మైకు దొరికితే అక్కడ చెప్పేవారు. ఆ లెక్క ఇచ్చింది నేనే. టికెట్లు చింపేదీ, గదులు ఊడ్చేదీ, చీరల చరిత్ర చెప్పేదీ అన్నీ నేనే కదా. లెక్క అబద్ధం కాదు. వాళ్ళంతా ఎందుకొస్తున్నారో మాత్రం ఆయనకు చెప్పలేదు.

చీరలు కొనడానికి ఆడవాళ్ళు అంగట్లో కూర్చుంటే ఓ పూట పడుతుంది. మొగుళ్ళు అరగంటకే విసిగి బయటపడతారు. ఆ ఎండలో ఎక్కడికని పోతారు? ఎదురుగా మా మ్యూజియం, లోపల రెండు ఏసీలు, పొడవాటి బెంచీలు. టికెట్టు కొని, మొదటి చీరను మర్యాదకు ఓసారి చూసి, బెంచీ ఎక్కి నిద్రపోయేవారు. మరీ గురక పెట్టేవాళ్ళను మాత్రం లేపేదాన్ని.

వాళ్ళు రాకపోతే మాకు గతి లేదు. నెలకు మూడొందల మంది రాకపోతే మ్యూజియం మూసి, చీరలన్నీ అనంతపురంలోని గోడౌనుకు పంపాలని కమిటీ తీర్మానించింది. వాటిలో పదకొండు మా నాయన కదిరప్ప నేసినవి. అవి చీకటి పెట్టెల్లో పడి ఉంటాయంటేనే నాకు కడుపు మండేది.

అందుకే అశ్విని వచ్చినప్పుడు సరిగ్గా పలకరించలేదు. ఆ పిల్ల అనంతపురం కాలేజీలో పాఠాలు చెబుతుంది. మ్యూజియం కరెంటు వాడకం, చెత్త తగ్గించే దారి చెప్పమని కమిటీయే పిలిపించింది. ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు మాని కడవ పెట్టక్కా అంది, సరే అన్నాను. కరెంటులో ముప్పాతిక ఏసీలే తింటున్నాయి, తీసేద్దామంది. పట్టు పాడైపోతుందని గట్టిగా వాదించాను. అన్నం క్యారియరు తెచ్చిన నాయన గుమ్మంలో నిలబడి వినకపోయుంటే నేనే గెలిచేదాన్ని.

"ఏసీ గాలికే పట్టు పెళుసెక్కేది. మగ్గం గుంతలో ఎందుకు పెడ్తాం అమ్మీ? ఆ తేమకు పోగు తెగదని గదా," అన్నాడు నాయన. "ఇది మట్టిమిద్దె. పైన గవాక్షి ఉండాది. ఏసీల కోసరం దాన్ని మీరే మూసినారు."

కన్నతండ్రే కొంప ముంచాడు. వారం తిరగకముందే ఏసీలు దించి, సీలింగు ఊడదీశారు. మిద్దె నడిమధ్య చదరంగా వదిలిన గవాక్షి తెరుచుకుంది. వేడి గాలి అందులోంచి పైకి పోయింది, వెలుతురు కిందికి దిగింది. పగలు లైట్లతో పని లేకపోయింది. ఎండ తగలకుండా చీరలను పక్క గోడలకు మార్చాం. నడుమ పాత గుంత మగ్గం, దాని పక్కన రాట్నం మాత్రం మిగిలాయి, 'తాకరాదు' అన్న బోర్డుతో. నాయన ఆ బోర్డు తీసి అవతల పెట్టి, పోగులు సరిచేసుకుని గుంతలోకి దిగాడు.

మొదటి ఆదివారం ఐదుగురు మొగుళ్ళొచ్చారు. ఏసీలు కనబడక నలుగురు వెనుదిరిగారు. నాకు ఏడుపొచ్చింది. రాప్తాడు నుంచి వచ్చిన నరేంద్ర మాత్రం, గుంత పక్కన చల్లగా ఉందని అక్కడే చతికిలబడ్డాడు. అతని కళ్ళు మూతలు పడుతుండగా నాయన చూశాడు.

"ఏమప్పా, ఊరికే కూసున్నావు. ఆ రాట్నం తిప్పి కండె చుట్టు."

నరేంద్ర బెదిరిపోయి, అడ్డపోగు కోసం ఆ చిన్న గొట్టం మీద దారం చుట్టాడు. మొదటి కండె చిక్కుపడింది, రెండోది వదులైంది. నాయన రెండూ విప్పించి మళ్ళీ చుట్టించాడు. మూడో కండె దారం చీరలో కలుస్తుంటే నరేంద్ర లేచి నిలబడి మరీ చూశాడు. భార్య ఫోను చేస్తే, పనిలో ఉన్నాను, ఇప్పుడు రాలేనన్నాడు. ఆవిడ రుసరుసలాడుతూ వెతుక్కుంటూ వచ్చింది. మొగుడి చేతిలో కండె చూసి తనూ కూర్చుంది. చీరలో తన మొగుడు చుట్టిన పోగులేవో నాయన చేత చూపించుకుని గానీ లేవలేదు.

తర్వాతి వారాల్లో మొగుళ్ళను వెంటబెట్టుకుని ఆడవాళ్ళే రావడం మొదలైంది. అయినా నెలాఖరుకు లెక్క రెండొందల పదకొండే తేలింది.

కమిటీ కూర్చున్న రోజు మూసివేత కాగితం బల్లమీద సంతకానికి సిద్ధంగా ఉంది. ముందొచ్చే మూడొందల నలభై మంది ఏమైపోయారని జయరాం సారు అడిగారు. ఇక దాచి లాభం లేదనిపించింది. బెంచీలు, గురకలు, అన్నీ చెప్పేశాను. అశ్విని తల దించుకుని నవ్వాపుకుంటోంది. సారు మాత్రం నవ్వలేదు.

"ఈ రెండొందల పదకొండు మందిలో నిద్రపోయినోళ్ళు ఎంతమందమ్మా?"

"ఒక్కరూ లేరు సార్. మా నాయనే, అన్నం తిన్నాక గుంతలో కునుకు తీస్తాడు."

"అప్పుడు వచ్చినోళ్ళు ఏం చేస్తారు?"

"ఆయప్ప లేచేదాకా సద్దు చేయకుండా కండెలు చుట్టుకుంటా కూసుంటారు సార్."

సారు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.