మూడు చుట్ల టేపు

మా అక్క పియానో రికార్డును మెచ్చుకుంటూ పత్రికల్లో వచ్చిన రాతలన్నీ కత్తిరించి ఒక అట్టపెట్టెలో దాచాను. ఆ పెట్టె తెరిచినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. రాసినవాళ్ల మీద కాదు. వాళ్లేం పాపం చేశారు, విన్నదే రాశారు. కానీ వాళ్లు విన్నది మా అక్క వాయించింది కాదు. ఆ సంగతి పోయిన నెలదాకా, నలభై ఒక్క ఏళ్లూ తెలిసినవాళ్లం ఇద్దరమే, అక్కా నేనూ.

నేను రికార్డుల కంపెనీలో రికార్డింగ్ ఇంజనీరుగా పనిచేశాను. ఇంజనీరనగానే పెద్ద చదువనుకునేరు. వాయించేవాళ్ల గదికి ఉన్న గాజు అద్దానికి ఇవతల కూర్చుని టేపు మెషిన్లు నడపడమే నా పని. ఆ ఉద్యోగం ఇప్పించిందీ అక్కే. అప్పటికే ఆమె హోటళ్లలో, క్లబ్బుల్లో జాజ్ పియానో వాయిస్తూ, సొంతంగా పాటలు కడుతూ కాస్త పేరు తెచ్చుకుంది. "మా తమ్ముడికి బొత్తిగా తెలివి లేదండీ. చెవి మాత్రం ఉంది. పెట్టుకోండి" అని మా డైరెక్టరుతో చెప్పింది. ఆ సిఫారసును నేను రిటైరయ్యేదాకా ఆయన నాకు గుర్తుచేస్తూనే ఉన్నాడు.

మా అక్కకు నెమ్మది అంటే ఏమిటో తెలియదు. మెట్లు రెండేసి ఎక్కేది. మేం సగం భోజనంలో ఉండగానే తన కంచం కడిగేసేది. ఒక మాట పూర్తికాకముందే ఇంకో మాట తోసుకొచ్చేది. చిన్నప్పుడు నన్ను బడికి తీసుకెళ్లే పని ఆమెదే. నేను రోజూ ఆలస్యమే. ఒక చేత్తో నా సంచీ, ఇంకో చేత్తో నా మణికట్టూ పట్టుకుని వీధి చివరిదాకా పరిగెత్తించేది. దారి పొడుగునా తిట్టేది, ఆ తిట్లకే నాకు నవ్వు ఆగేది కాదు.

పెద్దయ్యాక ఆ పరుగు మీదే ఒక పాట కట్టింది. 'గంట కొట్టేలోపు' అని పేరు పెట్టింది. మాటల్లేని పాట. ఎడమచెయ్యి తన అడుగులు, కుడిచెయ్యి నా వాగుడు. మధ్యలో ఒకచోట నా చెప్పు ఊడిపోతుంది. అక్కడ ఎడమచెయ్యి టక్కున ఆగి, నేను చెప్పు తొడుక్కున్నాక మళ్లీ పరుగందుకుంటుంది. ఆ కథ తెలియనివాళ్లకు కూడా అక్కడికి వచ్చేసరికి నవ్వు వచ్చి తీరేది.

ఆమె మొదటి రికార్డు మా స్టూడియోలోనే చేశాం. రెండు మధ్యాహ్నాలు, ఎనిమిది పాటలు. పియానో మీద అక్క, పక్కన బేస్ వాయించే ఆయన, డ్రమ్ములాయన, అంతే. మొదటి మధ్యాహ్నమే మెషిను మొరాయించింది. అందులో టేపును లాగే ఇనప కడ్డీ ఒకటి ఉంటుంది. చిటికెన వేలంత కూడా ఉండదు. అది తిరుగుతుంటే ఒక రబ్బరు చక్రం టేపును దానికి అదిమిపెడుతుంది. ఆ రబ్బరు అరిగిపోయి టేపు జారుతోంది. కొత్త చక్రం రావాలంటే వారం పడుతుంది. లోపల ముగ్గురూ సిద్ధంగా కూర్చున్నారు. డైరెక్టరు గడియారం చూస్తున్నాడు. మా పనిలో ఉన్నవాళ్లకు సరిగ్గా ఇలాంటప్పుడే అతితెలివి పుట్టుకొస్తుంది. వైర్లు కట్టే మందపాటి గుడ్డ టేపు తీసి ఆ కడ్డీకి మూడు చుట్లు చుట్టాను. పట్టు దొరికింది. జారడం ఆగిపోయింది. నా భుజం నేనే తట్టుకున్నాను.

కడ్డీ లావైతే టేపును వేగంగా లాగుతుందని ఆ పనిలో నిన్న చేరినవాడికి కూడా తెలుసు. నాకూ తెలుసు. ఆ రెండు రోజులూ అదే మెషిన్ మీద రికార్డు చేసి, అదే మెషిన్ మీద తిప్పి విన్నాం. ఎక్కించేటప్పుడూ వినేటప్పుడూ ఒకటే లావు కడ్డీ కాబట్టి ఎవరికీ ఏ తేడా తెలియలేదు. టేపు బయటికి వెళ్లేముందు ఒక చీటీ రాసి పెడితే సరిపోతుందనుకున్నాను.

'గంట కొట్టేలోపు' రెండో మధ్యాహ్నం ఒక్క విడతలో వచ్చింది. ఎక్కడా ఆపలేదు, రెండోసారి వాయించలేదు. అక్క చెమట తుడుచుకుంటూ అద్దం దగ్గరికి వచ్చి, "ఎలా ఉందిరా?" అని అడిగింది. చుట్లు ఊడిపోతాయేమోనని నా కళ్లు కడ్డీ మీదే ఉన్నాయి.

"సౌండు మీటరు ఎక్కడా ఎర్రగీత దాటలేదక్కా" అన్నాను.

ఆమె ఇంకో క్షణం అక్కడే నిలబడి, "సరే" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం చుట్లు విప్పి సొరుగులో పడేశాను. చీటీ రాయడం మరిచిపోయాను. టేపు పై అంతస్తుకు వెళ్లింది. అక్కడ టేపులోని పాటను డిస్కు మీద గాళ్లుగా కోసే పెద్దాయన అంతకుముందు మా అక్క వాద్యం ఎన్నడూ వినలేదు. ఆయన తన మెషిన్ మీద మామూలు వేగంలో తిప్పి, వచ్చింది వచ్చినట్టు కోసేశాడు. వేగంగా ఎక్కించిన టేపు మామూలుగా తిరిగితే ఏమవుతుంది? పాట నెమ్మదిస్తుంది, శ్రుతి దిగుతుంది. రికార్డు విని డ్రమ్ములాయన, "నేనింత నింపాదిగా వాయించానా?" అన్నాడట. పొగడ్తలు మొదలయ్యాక, "వాయించే ఉంటాను" అన్నాడట.

అక్కకు మాత్రం మొదటి పాటతోనే అనుమానం వచ్చింది. రికార్డు పెట్టుకుని, తన పియానో ముందు కూర్చుని, దాంతోపాటు వాయించబోతే శ్రుతి కలవలేదు. పియానో శ్రుతిచేసే ఆయన్ను పిలిపించి చూపించింది. తర్వాత నేరుగా స్టూడియోకు వచ్చింది.

"నా పియానో శుభ్రంగా ఉందటరా. మరి నీ రికార్డుకేం మాయరోగం?"

సొరుగు తెరిచాను. మూడు చుట్ల టేపు ముడుచుకుని అక్కడే ఉంది. దాన్ని తీసి బల్ల మీద పెట్టి, కడ్డీ సంగతి రెండు ముక్కల్లో చెప్పాను. మిగతాది ఆమెకు చెప్పాల్సిన అవసరం రాలేదు. వెంటనే డైరెక్టరు గది వైపు బయల్దేరింది. నేను దారికడ్డంగా నిలబడ్డాను. మా ఆవిడకు అప్పుడు ఏడో నెల. ఈ ఉద్యోగం ఊడితే నా గతేమిటని ఒక్కటే భయం.

"రేపటిదాకా ఆగక్కా. నీకు పుణ్యముంటుంది. నేనే చెబుతాను" అని బతిమాలాను.

ఆగింది. ఆగకపోయినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే పత్రికలో గొడుగాయన సమీక్ష వచ్చింది. మబ్బు ఉన్నా లేకపోయినా గొడుగుతో తిరిగేవాడు కాబట్టి మేమంతా ఆయన్ను అలాగే పిలిచేవాళ్లం. సంగీతం విషయంలో ఆయన రాసిందే రాత. "ఈ వాద్యకారిణికి తొందర లేదు" అని మొదలుపెట్టాడు. "ప్రతి స్వరం దగ్గరా ఆగి, వెనక్కి తిరిగి చూసి గానీ ముందుకు అడుగు వెయ్యదు. ఇంత చిన్న వయసులో ఇంత నిబ్బరం ఎక్కడిది? 'గంట కొట్టేలోపు' ఆత్మీయుణ్ణి చివరిసారి సాగనంపేవాళ్ల నడక. మధ్యలో ఎడమచెయ్యి ఆగిపోయిన క్షణాన దుఃఖం మోకాళ్ల మీద కూలబడుతుంది."

మోకాళ్ల మీద కూలబడింది దుఃఖం కాదు, చెప్పు కోసం వంగిన నేను.

అక్క అది చదివి కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. తర్వాత మళ్లీ చదివింది. రెండోసారి నవ్వలేదు.

"నా గురించి రెండు కాలమ్‌లు రాశాడురా. ఇన్నేళ్లలో ఒక్కడూ రెండు వాక్యాలు రాసిన పాపాన పోలేదు."

"డైరెక్టరుకు చెప్పేస్తానక్కా."

"చెబితే నీ ఉద్యోగం పోతుంది, నా రెండు కాలమ్‌లూ పోతాయి. పోనీలే. వచ్చే రికార్డు నా వేగంలో వాయిస్తాగా, అప్పుడు వింటారు. నువ్వు నోరు మూసుకో."

మూసుకున్నాను. చిన్నప్పటి నుంచీ ఆమె చెప్పిన ఏ పనీ నేను అంత బుద్ధిగా చెయ్యలేదు.

తర్వాతి రికార్డు తన వేగంలోనే వాయించింది. మెషిన్ల దగ్గర ఉన్నది నేనే, అన్నీ పదిసార్లు సరిచూసుకున్నాను. "లోతు పోయింది" అని ఒకడు రాశాడు. "హడావిడి" అని ఇంకొకడు. గొడుగాయన అయితే కన్నబిడ్డ చెడిపోయినట్టు బాధపడ్డాడు. మూడో రికార్డులో అక్క నెమ్మదించింది. అంతే, ఆకాశానికెత్తేశారు. ఇక ఏ సభకు వెళ్లినా 'గంట కొట్టేలోపు' కావాలనేవాళ్లు, అదీ మొదటి రికార్డులో ఉన్నట్టే. ఆమె అలాగే వాయించేది. ముందు వరసలవాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. వెనక వరసలో కూర్చుని నేనూ తుడుచుకునేవాణ్ణి, కారణం వేరు.

ఎప్పుడు మొదలైందో చెప్పలేను గానీ, మెట్లు ఒక్కొక్కటే ఎక్కడం మొదలుపెట్టింది. ఒక మాట అని, అది చాలో లేదో చూసుకుని, రెండో మాట అనేది. అందరూ పెద్దరికం అన్నారు. అప్పటికి ఆమెకు నలభై కూడా లేవు.

పోయిన నెల మా పాత కంపెనీ నుంచి కొత్త మేనేజరమ్మాయి ఫోన్ చేసింది. ఆ మొదటి రికార్డును మళ్లీ విడుదల చేస్తారట. అసలు టేపు దొరికిందట, పెట్టె మీద నా సంతకం ఉందట, ఒకసారి వచ్చి విని సరిచూడమంది. వెళ్లాను. టేపు తిరగడం మొదలైన నిమిషానికే నా నోటి నుంచి నిజం దానంతటదే వచ్చేసింది. కడ్డీ, గుడ్డ టేపు, చీటీ, అన్నీ చెప్పేశాను. ఆ అమ్మాయి కోప్పడలేదు. "అంతేనా అంకుల్, ఇప్పుడైతే పియానో శ్రుతిని బట్టి వేగం సరిచేసేయొచ్చు" అని ఏదో గుండీ తిప్పింది. శ్రుతి మెల్లగా పైకి లేచింది. గదిలోకి మా అక్క పరుగెత్తుకుంటూ వచ్చింది. ముప్పై ఏళ్ల అక్క, నా మణికట్టు పట్టుకుని. నేను ఏడుస్తుంటే పాపం ఆ అమ్మాయికి ఏం చెయ్యాలో తోచక మంచినీళ్లు తెచ్చిచ్చింది.

"మేడమ్ ఒప్పుకుంటే ఇలాగే వేస్తాం. ఆవిడ మాటే ఫైనల్" అని, ఆ పాట ఒక డిస్కు మీద ఎక్కించి ఇచ్చింది.

ఆదివారం దాన్ని పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాను. ఆమె బట్టలు మడతపెడుతోంది.

"కూర్చో. ఈ నాలుగూ అయ్యాక వింటాను" అంది. ఆ నాలుగింటికే పది నిమిషాలు పట్టింది.

పాట పెట్టాను. ఎడమచెయ్యి పరుగు అందుకోగానే, ఇంకో తువ్వాలు మడవబోయిన ఆమె చేతులు ఆగిపోయాయి. కాసేపటికి పాదం ఆడటం మొదలైంది. నా చెప్పు ఊడినచోట చిన్నగా నవ్వింది. అయిపోయాక లేచి పియానో ముందు కూర్చుంది. అదే పాట, అదే వేగంలో మొదలుపెట్టింది. నాలుగు అడుగులు పడగానే తడబడింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే. మూడోసారి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"వేళ్ల నొప్పులు కదక్కా, అందుకే..."

"వేళ్లు కాదురా. చెయ్యి వెళ్తూనే ఉంది, నేనే ఆపేస్తున్నాను. ఆపీ ఆపీ అదే అలవాటైపోయింది."

వచ్చిన పని చెప్పాను. తప్పు ఒప్పేసుకున్నానని, ఆమె సరేనంటే ఈసారి అసలైనది వస్తుందని, అందరూ వింటారని చెప్పాను.

"విని?"

"మెచ్చుకుంటారు."

"మెచ్చుకుని, ఏదీ ఒకసారి వాయించండి అంటారు. అప్పుడేం చెయ్యను? పాతదే వెయ్యమను."

నాకు కోపం వచ్చింది. ఇదేం మొండితనమని అరిచాను. నలభై ఏళ్లు కుమిలి కుమిలి చచ్చానన్నాను. ఇప్పుడైనా సరిదిద్దనివ్వమన్నాను. ఆమె నా అరుపులు పూర్తిగా అయ్యేదాకా ఆగింది. ఒకప్పుడైతే సగంలోనే నా నోరు మూయించేది.

"ఆ డిస్కులో పిల్ల ఎంత బాగా వాయించిందిరా. నాకు అసూయగా ఉంది" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఆ రోజు అద్దం దగ్గరికి వచ్చి నిన్నొకటి అడిగాను. గుర్తుందా?"

"ఉంది."

"ఇప్పుడు చెప్పు."

"చాలా బాగుందక్కా. చెప్పు ఊడినచోట నవ్వాపుకోలేకపోయాను. ఆ రోజు కూడా లోపల్లోపల నవ్వుకున్నాను. నీతో చెప్పలేదు."

ఆమె పియానో మీద ఒక్క స్వరం నొక్కి, అది ఆగేదాకా విన్నది.

"ఆ గదిలో చెవి ఉన్నవాడివి నువ్వొక్కడివేరా" అంది చివరికి. "ఈ మాట ఆ రోజే అనుంటే, గొడుగాయన ఏం రాసినా నవ్వి అవతల పారేసేదాన్ని."

ఆమె పియానో మూత వేసి, వచ్చి, వదిలేసిన తువ్వాలు మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. నేను పక్కన కూర్చుని మిగిలిన బట్టలు ఒక్కొక్కటే అందించాను.