షెడ్డులో అందరికీ వచ్చేదే

మా ఇంట్లో రంగు అంటని వస్తువు లేదు. దిండు గలీబులు, తలుపు గొళ్ళెం, స్నానాలగది నేల, ఆఖరికి సబ్బుకు కూడా రంగే. మా ఆయన నూలుకు రంగులేసే షెడ్డులో మేస్త్రీ. పెళ్ళయిన కొత్తలో ఆ చేతులు చూసి జడుసుకున్నాను. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడైతే గోళ్ళు చూసి షెడ్డులో ఏ రంగు నడుస్తోందో చెప్పేస్తాను. నేను ఇంట్లో కూర్చుని చొక్కాలకు కాజాలు కుడతాను. తెల్ల చొక్కాల పని వచ్చినప్పుడు ఆయన్ను మిషను దరిదాపులకు కూడా రానివ్వను.

అందుకే ఆ రోజు పొద్దున మరుగుదొడ్డిలో ఎర్రటి నీళ్ళు చూడగానే నాకు ముందు కోపమే వచ్చింది.

"ఏంటయ్యా ఇది? చేతులు ఇక్కడ కడిగావా?"

"కడగలేదే. అది నేను పోసిందే," అన్నాడు తుండుతో మెడ తుడుచుకుంటూ. "ఈ వారం ఎర్రరంగు నడుస్తోంది కదా. లోపలికి పోయిన పొడి అలా బయటికొచ్చేస్తుంది. షెడ్డులో అందరికీ వచ్చేదే."

అనేసి నిమ్మకు నీరెత్తినట్టు వెళ్ళి టీ తాగాడు. నేనూ నమ్మాను. నమ్మకేం చేస్తాను? ఆ షెడ్డులో పొడి డబ్బాల మూత తీస్తే చాలు, ముక్కులోకి వెళ్ళిపోతుంది. వట్టి చేతులతోనే కలుపుతారు. దగ్గితే రంగు, ఉమ్మితే రంగు. ఇక అది ఒక్కటీ రంగుగా వస్తే వింతేముందని వాళ్ళ లెక్క. అక్కడ మగవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు "ఈ వారం నీది ఏ రంగురా?" అని అడిగి పగలబడి నవ్వుకుంటారట.

రెండు మూడు రోజులకు ఎరుపు పోయింది. "చూశావా? నొప్పి లేదు, మంట లేదు. దానంతటదే కడిగేసుకుంది," అన్నాడు పరీక్ష నెగ్గినవాడిలా.

అప్పటికే ఆయనకు రాత్రుళ్ళు పదేపదే లేవడం ఉంది. వెళ్ళి చాలాసేపు నిలబడి, చాలక మళ్ళీ వెళ్తాడు. డాక్టరుకు చూపించుకోమంటే "వయసే, మా అన్నకూ అంతే," అంటాడు. గోడకు చెప్పుకున్నట్టే. ఈ మగవాళ్ళ సంగతి నాకు అర్థం కాదు. పంటి నొప్పి వస్తే వీధి వీధంతా చాటుతారు. మోకాలు నొప్పి వస్తే దారిన పోయేవాణ్ణి ఆపి మరీ చెబుతారు. నడుం కిందికి వచ్చేసరికి మాత్రం నోటికి తాళం పడుతుంది.

నెల తిరిగిందో లేదో మళ్ళీ వచ్చింది. ఈసారి నేనే తలుపు దగ్గర కాపు కాశాను. షెడ్డులో నీలం నడుస్తోంది. ఆయన గోళ్ళు నీలం, మడమల పగుళ్ళు నీలం, చెవి వెనక నీలం. నీళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"ఈ వారం నీలం కదయ్యా," అన్నాను.

ఆయన తన గోళ్ళ వంక చూసుకున్నాడు. "పాత రంగు మిగిలుంటుందిలే," అన్నాడు. ఆ మాట ఆయనే నమ్మలేదని గొంతులోనే తెలిసిపోయింది.

నాకు భయమేసింది. భయమేస్తే నాకు నోరు లేస్తుంది. తిట్టాను, బతిమాలాను. చివరికి మిషను మీద గుడ్డ కప్పేసి, నువ్వు కదిలేదాకా ఒక్క కాజా కుట్టను, పొయ్యి వెలిగించనని కూర్చున్నాను. మధ్యాహ్నానికి చొక్కా వేసుకున్నాడు. నా మాటకు కాదు, ఆకలికి.

ఆసుపత్రిలో మూత్రం జబ్బుల విభాగం బయట బెంచీల నిండా మగవాళ్ళే. అందరూ ఇంకెవరికోసమో తోడొచ్చినట్టు ముఖాలు పెట్టుకుని నేల చూస్తున్నారు. లోపల డాక్టరుగా మా అమ్మాయి వయసు పిల్ల. మా ఆయన తన బాధంతా గోడ మీది గడియారానికి చెప్పుకున్నాడు. మిగిలింది నేను చెప్పాను.

"రాత్రుళ్ళు లేవడం, ధార సన్నబడటం ఈ వయసులో చాలామందికి ఉంటుంది. మందులున్నాయి, చూద్దాం," అంది డాక్టరమ్మ. "ఎర్రగా రావడం వేరు. ఒక్కసారి కనిపించినా రావాలి. ఆగిపోయిందనీ, నొప్పి లేదనీ ఊరుకోకూడదు."

"రంగనుకున్నాం," అన్నాను.

"రంగు కాదమ్మా. రక్తం."

ఆ మాట మా ఇంట్లో అంతవరకూ ఒక్కరం కూడా అనలేదు.

ఆ తర్వాత ఎన్నిసార్లు తిరిగామో. స్కానింగు ఒకరోజు. లోపలికి సన్నటి గొట్టం పంపి కెమెరాతో చూడటం ఇంకోరోజు. ఆ రోజు బయటికొచ్చి ముళ్ళ మీద నడిచినట్టు నడిచాడు. మరోరోజు మత్తిచ్చి లోపల కనిపించిన గడ్డను గోకి, ఆ ముక్క పరీక్షకు పంపారు. బెంచీ మీద కూర్చుని కూర్చుని నా నడుము పట్టేసింది. ఏ కుళాయిలో నీళ్ళొస్తాయో, ఏ నర్సమ్మ కసురుకుంటుందో కూడా తెలిసిపోయింది. ఇంటికొస్తే కుట్టాల్సిన చొక్కాలు గుట్టగా ఉండేవి. వాటి వంక చూస్తూ అలాగే నిద్రపోయేదాన్ని.

ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ నసగలేదు. కాన్సరే అంది. మూత్రాశయం గోడలోకి దిగిపోయింది, సంచి మొత్తం తీసేయాల్సి రావచ్చంది. తీసేశాక బతికేవాళ్ళు చాలామంది ఉన్నారు, ధైర్యం చెడకండి, రంగుల పని మాత్రం ఇక వద్దంది. పైపైన ఉన్నప్పుడే వచ్చుంటే గోకేసి ఇంటికి పంపేవాళ్ళమని కూడా అంది.

"మొట్టమొదట ఎప్పుడు కనిపించింది?" అని అడిగింది, కలం పట్టుకుని.

"రెండు మూడు నెలల కిందట," అన్నాను నేను.

ఆయన నా వంక చూడలేదు. "మనవరాలు పుట్టినప్పుడు," అన్నాడు.

మనవరాలు ఇప్పుడు సంచీ తగిలించుకుని బడికి పోతోంది.

కొట్టాలనిపించింది. నిజంగానే, అక్కడే, డాక్టరు ముందే. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాడు. ఒకే కప్పు కింద ఉంటూ, ఆ బట్టలన్నీ నా చేత్తో ఉతుకుతూ, నాకేమీ తెలియకుండా ఇన్నేళ్ళు. కానీ నాకు చెయ్యి ఎత్తే ఓపిక కూడా మిగల్లేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్పడానికేముందే? షెడ్డులో అందరికీ వచ్చేదే కదా."

డాక్టరమ్మ రాయడం ఆపింది. "అందరికీ అంటే? ఎవరెవరికి?"

ఆయన నీలం గోళ్ళ చెయ్యి బల్ల మీద పెట్టి, ఒక్కో వేలూ మడవసాగాడు. "బండోడు ఉన్నాడు. నా రంగు తొట్టి దగ్గరే చేస్తాడు. పక్క తొట్టి కళ్ళజోడాయన. పొడి కలిపే అన్నదమ్ములిద్దరూ. మాకు పని నేర్పిన పెద్ద మేస్త్రీకి కూడా..." అని ఆగిపోయాడు.

పెద్ద మేస్త్రీ పోయి చాలా కాలమైంది. కిడ్నీలు చెడి పోయాడని అందరం చెప్పుకున్నాం. మా ఆయన మడిచిన వేళ్ళు మళ్ళీ చాపలేదు.

బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. ఏడుస్తాడనుకున్నాను. ఏడిస్తే నేనూ ఏడ్చేసేదాన్నే. ఆయన జేబులోంచి ఫోను తీసి బండోడికి చేశాడు.

"ఒరేయ్, నీకు మొన్న కూడా ఎర్రగా వచ్చిందన్నావే, అదేరా," అన్నాడు. అవతల బండోడి నవ్వు నాకు కూడా వినిపించింది.

"నవ్వకురా. నవ్వకు. అది రంగు కాదురా. నాకు కాన్సరంట. నువ్వు రేపు షెడ్డుకు పోవద్దు, ఇక్కడికి రా. గేటు దగ్గర నేనే నిలబడతా."

నవ్వు ఆగిపోయింది. మా ఆయన ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని, నా చెయ్యి పట్టుకుని, అలాగే కూర్చున్నాడు.

"నిజం చెప్పరా," అన్నాడు చివరికి. "ఎన్నాళ్ళ నుంచి?"